విమానంలో గాలి పీడనం పడిపోయినప్పుడు

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు వంటి ఊళ్ల నుండి బెంగళూరు చేరి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు విమానప్రయాణం నేడు అందరాని విషయం కాదు. దూరదేశంలో ఉన్న కూతురి పురిటికో, కొడుకు కాపురం చూడడానికో పెద్దలు మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. విమానం బయలుదేరే ముందు సిబ్బంది పసుపుపచ్చని మాస్కు చేతబట్టి కొన్ని జాగ్రత్తలు చెబుతారు. ఆ ప్రకటనలు తరచుగా ఇంగ్లీషులోను, హిందీలోను సాగుతాయి. ఆ భాషలు రానివారికి చేతుల కదలిక కనిపిస్తుందే తప్ప మాట అందదు. వాటిలో ముఖ్యమైన మాట ఒకటుంది: ముందు మీ మాస్కు పెట్టుకోండి, ఆ తరువాతనే పక్కవారికి సాయపడండి. బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లికి ఇది మింగుడుపడని మాట. ఆ నియమం వెనుక ఉన్న కారణాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

ఎత్తు పెరిగితే గాలికి ఏమవుతుంది?

పావగడ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది; బెంగళూరు సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఈ ఎత్తులలో ఊపిరికి ఇబ్బంది లేదు. పైకి పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది. 18,000 అడుగుల వద్ద గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో సగమే. 35,000 అడుగుల వద్ద అది దాదాపు నాలుగో వంతు. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడ కూడా నూటికి 21 వంతులే. కాని దానిని ఊపిరితిత్తుల నుండి రక్తంలోకి చేర్చడానికి కావలసిన ఒత్తిడి అక్కడ చాలదు.

అందుచేత చాలా విమానాలలో ఇంజన్ల నుండి గాలిని తీసి, చల్లబరచి, ప్రయాణికులు కూర్చునే క్యాబిన్‌లోకి పంపుతారు. ఒక కవాటం దానిలో కొంత గాలిని మాత్రమే బయటికి వదులుతుంది. ఈ రాకపోకల సమతూకం వలన, విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలివారికి 8,000 అడుగులకు మించని కొండపై ఉన్నట్లే ఉంటుంది. నీలగిరులలోని దొడ్డబెట్ట ఎత్తు సుమారు 8,650 అడుగులు. క్యాబిన్‌లోని గాలి అంతకంటె కొంచెం దిగువన ఉండే గాలివంటిది.

సమతూకం తప్పితే

2018 సెప్టెంబర్ 20న ముంబయి నుండి జైపూరుకు బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో ఈ సమతూకం తప్పింది. క్యాబిన్‌లోకి గాలిని పంపే స్విచ్చును సిబ్బంది వేయలేదని విమానయాన అధికారులు తెలిపారు. విమానం ఎక్కుతుండగానే మాస్కులు జారిపడ్డాయి. 166 మంది ప్రయాణికులలో సుమారు 30 మందికి ముక్కు నుండో చెవుల నుండో రక్తం వచ్చింది. పైలట్లు వెనుకకు మళ్లించి విమానాన్ని ముంబయిలో సురక్షితంగా దించారు.

అదే పీడనం 35,000 అడుగుల ఎత్తున పోతే, మనిషి తెలివిగా పనిచేయగల వ్యవధి 30 నుండి 60 సెకన్లు మాత్రమే. ఆక్సిజన్ కొరత నొప్పితో హెచ్చరించదు. కొందరికి హాయిగా కూడా తోస్తుంది. తాము బాగానే ఉన్నామని అనుకుంటూ ఉండగానే చేతులు మాట వినడం మానేస్తాయి.

బెదిరిన పసిబిడ్డ మాస్కును తోసివేస్తుంది, తల తిప్పుకుంటుంది. దానికి మాస్కు తొడగడానికి పెనుగులాడుతూ తల్లి ఆ కొద్ది సెకన్లను ఖర్చు చేస్తే తానే స్పృహ కోల్పోతుంది. అప్పుడు బిడ్డను చూసే దిక్కు ఉండదు. తల్లి ముందుగా తన మాస్కు పెట్టుకుంటే, ఈలోగా బిడ్డ సొమ్మసిల్లినా, వెంటనే మాస్కు తొడిగితే సాధారణంగా తేరుకుంటుంది. తాను ముందు ఊపిరి పీల్చడం ఇక్కడ స్వార్థం కాదు. బిడ్డను కాపాడే చేతులను నిలుపుకోవడం.

విమానం ఎందుకంత వేగంగా దిగుతుంది?

ప్రయాణికుల మాస్కులకు చాలా విమానాలలో ఆక్సిజన్ ఒక రసాయన చర్య ద్వారా పుడుతుంది. అది సుమారు 12 నిమిషాలు, కొన్నిటిలో ఇంకొంత సేపు వస్తుంది. ఆ గడువులోగా మామూలు గాలి చాలినంత ఉన్న ఎత్తుకు చేరాలి. పైలట్లు తమ మాస్కులు ధరించి, ఇంజన్ల శక్తిని తగ్గించి, రెక్కలపై ఉన్న పలకలను పైకి లేపి, విమానాన్ని 10,000 అడుగులకు దించుతారు. దీనికి కొద్ది నిమిషాలు పడుతుంది. ముక్కు కిందికి వంగుతుంది, చప్పుడు మారుతుంది, చెవులు నొప్పి పెడతాయి. కూలిపోతున్నామన్న భయం కలగడం సహజం. కాని అది పైలట్లు నేర్చి, అభ్యసించి చేసే పని.

దక్షిణ భారతంలో అన్నిటికంటె ఎత్తయిన ఆనముడి శిఖరం 8,842 అడుగులే. కనుక కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మీద ఎగిరే విమానం 10,000 అడుగులకు దిగడానికి కొండలు అడ్డురావు. హిమాలయాల మీద అట్లా కుదరదు. లేహ్ విమానాశ్రయమే 10,000 అడుగులకు పైన ఉంది. అటువంటి దారులలో ఎటు తిరిగి దిగాలో ముందుగానే నిర్ణయించుకుంటారు.

మాస్కులు జారిపడినా విమానం దిగకపోతే ఏమవుతుందో 2005 ఆగస్టు 14న తేలింది. సైప్రస్ నుండి ఏథెన్స్‌కు బయలుదేరిన హీలియోస్ విమానంలో పీడనాన్ని నియంత్రించే మీట తప్పు స్థానంలో ఉండిపోయింది. మోగిన హెచ్చరికను పైలట్లు వేరొకటిగా భావించి స్పృహ కోల్పోయారు. మాస్కుల గడువు తీరిపోయినా విమానం 34,000 అడుగుల ఎత్తునే ఎగురుతూ పోయింది. చివరికి కూలి 121 మంది మరణించారు.

గుర్తుంచుకోవలసినవి

1. మాస్కు జారిపడగానే దానిని గట్టిగా ముఖం వైపు లాగాలి. చాలా విమానాలలో లాగితేనే ఆక్సిజన్ వస్తుంది. ముక్కు, నోరు రెండూ కప్పుకోవాలి.
2. మొదట తమకు, వెంటనే పిల్లలకు, పక్కనున్న పెద్దలకు పెట్టాలి.
3. మాస్కు సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉండవచ్చు. కొంచెం కాలిన వాసన వస్తే బెదిరి మాస్కు తీయరాదు.
4. సీటు బెల్టు విప్పరాదు, లేచి నడవరాదు. సిబ్బంది చెప్పేదాకా మాస్కు ఉంచుకోవాలి.
5. ఒడిలో పసిబిడ్డ ఉన్నవారు సిబ్బందిని అడగకుండా సీటు మారరాదు. అదనపు మాస్కు ఎక్కడ ఉందో చూసి వారికి చోటు కేటాయిస్తారు.
6. చెవులు నొప్పి పెడితే గుటకలు వేయాలి.

విమానం ఎక్కబోయే అవ్వాతాతలకు ఈ ఆరు మాటలు ముందురోజే ఇంట్లో, తెలుగులో, చేతులతో చేసి చూపడం మేలు.