నాయికకు తన పని ఉండాలి

సిద్దిపేటలో పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ప్రేమకథా విజువల్ నావెల్ రాయాలనుకునేవాళ్లు ముందు రెన్‌పై (Ren'Py) దించుకోండి. 2004 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. బొమ్మలు, మాటలు, మధ్యమధ్య ఆడేవాళ్లు ఎంచుకునే దారులు అన్నీ రచయిత ఒక్కరే కూర్చుకోవచ్చు. కష్టమంతా రాతలో ఉంది.

ఎక్కువమంది నాయికల దగ్గరే దెబ్బతింటారు. ఒకామె అల్లరిది, ఒకామె బిడియస్తురాలు అని రాసుకుని బొమ్మల కోసం పరుగెత్తుతారు. మన కొమురవెల్లి మల్లన్న కథలో ఆయన భార్యలు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ ఉన్నారు. దాన్ని ఒగ్గు కథగా వినేవాళ్లెవరూ ఆ ఇద్దరినీ కలగాపులగం చేసుకోరు. ఎవరి పుట్టిల్లు వారిది, ఎవరి కులం వారిది. మీ నాయికకూ అలా ఓ ఇల్లూ వాకిలీ, ఓ పట్టుదలా ఉండాలి. నాయకుడు ఎదురుపడకముందు ఆమె దేనికోసం పాటుపడుతోంది? దేనికి ససేమిరా అంటుంది? అతను వేరే ఆమెను ఎంచుకుంటే ఈమె బతుకు ఎటు సాగుతుంది? ఈ చివరిదానికి జవాబు దొరికేదాకా సంభాషణలు మొదలుపెట్టొద్దు.

గొల్లభామ చీరలు నేసే ఇంటి అమ్మాయి, ఇరవై నాలుగేళ్లది అనుకుందాం. మగ్గం మీద, తలపై కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ సగంలో ఉంది. ఆడేవాళ్ల ముందు రెండు మాటలు: "రేపు కోమటిచెరువు కాడికి వస్తవా?", "చీర ఎప్పటికి అయితది?" రెండూ ప్రేమతో అనదగ్గవే. మొదటిదానికి ఆమె, "రేపు చీర ఇచ్చేదుంది, రాను" అంటుంది. కోపమేమీ లేదు. రెండోది అడిగితే అప్పటికప్పుడు ఏమీ జరగదు. రెండు అధ్యాయాల తర్వాత, చీర దించిన రోజున మొదటి ఫోన్ అతనికే వస్తుంది.

ఇందుకు ఎంపికకిన్ని అని ప్రేమ మార్కులు కూడబెడితే చాలదు. "చీర గురించి అడిగాడా" అని అవును-కాదు గుర్తు ఒకటి కోడ్‌లో పెట్టుకోండి, తర్వాతి సీన్ దాన్ని చూసుకుంటుంది. 1994లో కొనామి తెచ్చిన టోకిమెకి మెమోరియల్ అనే ప్రేమ ఆటలో ఒకమ్మాయిని మరీ పట్టించుకోకపోతే ఆమె నొచ్చుకుంటుంది, ఆ మాట పాకి మిగతావాళ్ల మనసూ విరుగుతుంది. ఎంపికకు ఖరీదు కట్టడమంటే అది.

అలాగని ప్రతి ఎంపికకూ కథను చీల్చుకుంటూ పోవద్దు. రెండేసి దారుల ఎంపికలు పది పెడితే 1,024 దారులవుతాయి. ఉద్యోగం చేసేవాళ్లకు అది అయ్యే పని కాదు. దారులను మళ్లీ కలిపేయండి, గుర్తును మాత్రం చివరిదాకా మోసుకెళ్లండి.

మీ రాత చూపించడానికి గేమ్ స్టూడియోలకు పంపే నమూనా పది నిమిషాలది చాలు, కానీ పూర్తయి ఉండాలి. పంపేముందు తెలుగు వత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో ఫోన్‌లో చూడండి. స్నేహితుల చేత ఆడించి, పక్కనే కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. వాళ్లు ఆలోచించకుండా నొక్కేసిన ఎంపికలన్నీ తిరిగి రాయండి.