ఎండ మాస్కోలో, వాన పెషావర్‌లో

చి. సౌమ్యకు,

వాన పడింది పాకిస్థాన్‌లోని పెషావర్‌లో అయితే మీ మేడం మాస్కో చార్టు ఎందుకు తెరిచిందని అడిగావు. తెరవాల్సిందే తెరిచింది తల్లీ. 2010 జులై 29న రెండు చోట్లా పాత రికార్డులు పోయాయి. మాస్కోలో ఎండ 38.2 డిగ్రీలు. పెషావర్‌లో 24 గంటల్లో 274 మిల్లీమీటర్ల వాన.

ఆ వేసవిలో పశ్చిమ రష్యా మీద అధిక పీడనం తిష్ట వేసి వారాల తరబడి కదల్లేదు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఉరికే జెట్ స్ట్రీమ్‌కు అది కాలువలో బండరాయిలా అడ్డుపడింది. గాలి ఉత్తరంగా చుట్టి వెళ్లి, అవతల దక్షిణానికి దిగింది. అలా దిగిన వంపే ద్రోణి. దాని కొస పాకిస్థాన్ ఉత్తరపు కొండల దాకా వచ్చింది. ద్రోణికి తూర్పు పక్కన గాలి పైకి లేస్తుందని చదివావుగా, పెషావర్, స్వాత్ లోయ ఆ పక్కనే ఉన్నాయి.

నీళ్లు మాత్రం రష్యావి కావు. చాలామంది ఇక్కడే పొరబడతారు. తేమను అరేబియా సముద్రం, బంగాళాఖాతం ఇస్తే రుతుపవనాలు మోసుకొచ్చాయి. దూరపు అధిక పీడనం చేసిందల్లా ఆ తేమను పైకెత్తే ఏర్పాటు. మిగతా పని కొండలు చేశాయి. ఆ ఏడు లా నినా కూడా తోడైంది, కాబట్టి నేరమంతా రష్యా నెత్తిన రుద్దకు.

ఒక్కరోజు చార్టు చూస్తే ఇదేదీ కనపడదు. జెట్ స్ట్రీమ్ ఎత్తును చూపే 200 హెక్టాపాస్కల్ చార్టులు వారం రోజులవి వరసగా పరుచుకో. మేం వాతావరణ డ్యూటీలో ద్రోణి గీతను రోజుకో రంగు పెన్సిల్‌తో ఒకే కాగితం మీద గీసేవాళ్లం. కంప్యూటర్ తెర మీద గబగబా తిప్పేయడం కన్నా నాకు ఇప్పటికీ అదే నయం. పడమటి వంపు ఉన్నచోటే ఉంటుంది, దానికి తూర్పున ఇంకోటి లోతెక్కుతుంది. ఈ వంపులే రాస్‌బీ అలలు. అవి మెల్లగా నడుస్తాయి, వాటి శక్తి మాత్రం వాటికన్నా ముందే తూర్పుకు పరుగెడుతుంది.

అందుకే ముందస్తు కబురు సాధ్యం. వాతావరణ శాస్త్రవేత్త పీటర్ వెబ్‌స్టర్ బృందం తర్వాత లెక్కలు తిరగేస్తే, యూరప్ మోడల్ ఆ వానను 6 నుంచి 8 రోజుల ముందే పట్టగలిగేదని తేలింది. ఆ కబురు సింధు ఒడ్డు ఊళ్లకు అందలేదు. దాదాపు 2 కోట్ల మంది వరద పాలయ్యారు.

ఇక నీ వంతు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరద తెలుసుగా, మన యాత్రికులు కూడా ఎందరో అక్కడ చిక్కుకున్నారు. అప్పుడూ పడమటి ద్రోణి, బంగాళాఖాతం అల్పపీడనం కలిశాయి. జూన్ 12 నుంచి 17 దాకా చార్టులు తీసి, ద్రోణి ఏ రోజు ఎక్కడుందో గీసి పంపు. పడమటన రష్యాలాంటి అడ్డు ఉందో లేదో కూడా చూసి రాయి.

మీ పెదనాన్న