ద్రాక్షతోట నేర్పిన నేలపాఠము

భూమిని నమ్మినవాడు చెడడని మన పెద్దలు చెప్పుదురు. నమ్మిన భూమిని మనమెట్లు పోషింపవలెనో తెలుపు ఉదాహరణ మొకటి ఫ్రాన్సు దేశమున కలదు.

లువార్ నదీతీరమున, సవెన్నియేర్ గ్రామమున, "కూలే ద సెర్రాన్" అను ద్రాక్షతోట యున్నది. దాని విస్తీర్ణము సుమారు 7 హెక్టార్లు, అనగా 17 ఎకరములు. 1130 ప్రాంతమున క్రైస్తవ సన్న్యాసులు ఆ ఏటవాలు నేలలో తొలుత ద్రాక్ష నాటిరి. నేడది జోలీ కుటుంబమువారిది. ఆ పండ్లతో వారు ద్రాక్షాసవము తయారుచేయుదురు.

1970వ దశాబ్దమున నికొలాస్ జోలీ బ్యాంకు ఉద్యోగము విడిచి ఈ తోటపనిలో ప్రవేశించెను. కలుపుమందు చల్లినచో కూలిఖర్చు తగ్గునని సలహాదారుడొకడు చెప్పగా, ఆయన అట్లే చేసెను. రెండేండ్లలోనే నేల రంగు మారినదనియు, మేలుచేయు పురుగులు, కౌజుపిట్టలు కానరాకపోయెననియు ఆయనయే వ్రాసియున్నాడు.

పిడికెడు మన్నులో కోట్లకొలది సూక్ష్మజీవులు వసించును. అవి ఆకు అలములను కుళ్ళబెట్టి వేళ్ళకు ఆహారముగా మార్చును. వానపాములు నేలను గుల్లపరచి నీరింకుటకు దారి చేయును. పచ్చికయే లేని ఏటవాలు నేల వానకు కొట్టుకొనిపోవును.

1980లో జోలీ కొంతభాగమున రసాయనములు మానెను. 1984 నాటికి తోటయంతయు ఆ పద్ధతికి వచ్చెను. పశువుల ఎరువు, గుఱ్ఱపు నాగలి మరల వాడుకలోనికి వచ్చినవి. ఆయన గ్రహనక్షత్రముల గతిని కూడ పాటించును. ఆ భాగమునకు శాస్త్రనిరూపణ లేదు. ఎరువు, పచ్చిక చేయు మేలునకు కలదు.

ఈ పద్ధతికిని చిక్కులున్నవి. బూజు తెగులునకు సేంద్రియ రైతులును మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమునే చల్లుదురు. 1885లో మిల్లార్డే అను శాస్త్రజ్ఞుడు దానిని ప్రకటించెను. అందలి రాగి నేలలో పేరుకొనును. కావున హెక్టారునకు 7 ఏండ్లలో 28 కిలోల రాగికి మించరాదని ఐరోపా సమాఖ్య 2019 నుండి నియమము విధించినది. రసాయనములు మానిన ద్రాక్షతోటకు సేంద్రియమను ముద్ర లభించుటకు అచట 3 ఏండ్లు పట్టును.

తల్లిదండ్రులారా! ఒక యేటి లెక్కలో మిగులుగా తోచినది నేల లెక్కలో అప్పుగా నిలిచెను. మీ పెరటిలో జానెడు నేల త్రవ్వించి, వానపాములెన్ని యున్నవో పిల్లలచే లెక్కపెట్టింపుడు. ఒక్కటియు కానరానిచో ఆకుచెత్తను తగులబెట్టక, ఆ నేలకే తిరిగి యిండు. మరుసటి వర్షాకాలమున మరల లెక్కింపుడు. ఆ లెక్కను పిల్లలు మరువరు.