తల్లిచెట్టు కింద పిల్లమొక్క ఎందుకు బతకదు?

మర్రిచెట్టు నీడన మరో మొక్క ఎదగదంటారు. నీడ వల్లే అలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. మరి కారణం నీడ ఒక్కటేనా? దీన్ని అడవిలోనే తేల్చుకోవాలి. మధ్య అమెరికాలోని కోస్టారికాకు చదువు కోసం వెళ్లే జీవశాస్త్ర విద్యార్థులు నేర్చుకునేది ఇలా తేల్చుకునే పద్ధతినే.

1963లో అమెరికా, కోస్టారికా విశ్వవిద్యాలయాలు కలిసి ఉష్ణమండల అధ్యయన సంస్థను నెలకొల్పాయి. ఈ సంస్థకు చెందిన లా సెల్వా క్షేత్ర పరిశోధన కేంద్రం సుమారు 1,600 హెక్టార్లలో ఉంది. అక్కడ ఏటా దాదాపు 4 మీటర్ల వాన కురుస్తుంది. హైదరాబాదు వానకు ఇది సుమారు ఐదు రెట్లు. విషసర్పాలుంటాయి కాబట్టి రబ్బరు బూట్లు లేకుండా అడవిలోకి వెళ్లరు. చూడకుండా చెట్టు మీద చెయ్యి వేయకూడదు. అక్కడి బుల్లెట్ చీమ కుడితే ఆ నొప్పి గంటల తరబడి తగ్గదు.

శీతల దేశాల నుంచి వచ్చిన విద్యార్థిని మొదట ఆశ్చర్యపరిచేది చెట్ల వైవిధ్యం. ఒక చెట్టు పక్కన అదే జాతి చెట్టు చాలా అరుదుగా కనిపిస్తుంది. 1963లో కోస్టారికాలో జరిగిన శిక్షణకు విద్యార్థిగా వచ్చిన డేనియల్ జాన్జెన్ 1970లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. తల్లిచెట్టును ఆశ్రయించిన పురుగులు దాని కిందే రాలిన గింజలనూ మొలకలనూ తినేస్తాయి, దూరంగా పడినవి తప్పించుకుంటాయి, ఆ మధ్య ఖాళీలో వేరే జాతులు పెరుగుతాయి అన్నది ఆయన ఊహ. మరుసటి ఏడు జోసెఫ్ కానెల్ కూడా ఇలాంటి ఆలోచనే ప్రకటించారు. అందుకే దీన్ని జాన్జెన్-కానెల్ పరికల్పన అంటున్నారు.

వినడానికి బాగానే ఉంది, కానీ నిజమేనా? డెబొరా క్లార్క్, డేవిడ్ క్లార్క్ లా సెల్వాలో ఆల్మెండ్రో అనే భారీ వృక్షాన్ని ఎంచుకుని దాని మొలకలను గమనించారు. తల్లికి దూరంగా, పలచగా ఉన్న మొలకలే ఎక్కువగా బతికాయని 1984లో తెలిపారు. అయితే చనిపోయిన మొలకలన్నిటి నేరాన్నీ పురుగుల మీదకు నెట్టలేం. వర్షారణ్యంలో పైనుంచి కొమ్మలు, తాటిజాతి చెట్ల బరువైన మట్టలు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. వాటి వాటా ఎంతో ఎలా తెలుస్తుంది?

ఇందుకు వాళ్లు వాడిన ఉపాయం ప్రతి విద్యార్థీ గుర్తుంచుకోదగినది. ప్లాస్టిక్ స్ట్రాలు, తీగలతో ఉత్తుత్తి మొక్కలు చేసి అడవి నేలలో గుచ్చారు. వాటికి బూజు పట్టదు, ఆకలిగొన్న పురుగుకు అవి పనికిరావు. వంగినా విరిగినా పైనుంచి ఏదో పడి ఉండాలి, లేదా ఏదైనా జంతువు తొక్కడమో పీకడమో చేసి ఉండాలి. ఏడాది తిరిగేసరికి వాటిలో ఎక్కువ భాగం దెబ్బతిన్నాయి. ఖరీదైన పరికరం ఒక్కటీ లేకుండానే కారణాలు విడివడ్డాయి.

ఉష్ణమండల అడవి కోసం మన విద్యార్థులు విమానమెక్కనక్కరలేదు. తమిళనాడులోని ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1988 నుంచి 50 హెక్టార్ల పొడి అడవిలో ఒక్కొక్క చెట్టునూ లెక్కగడుతున్నారు. కాకపోతే అక్కడ ఏనుగు చెట్లను విరుస్తుంది, వేసవిలో నిప్పు పాకుతుంది. స్ట్రాలతో చేసిన మొక్క అక్కడ మంటకు కరిగిపోతుంది. ఆ అడవిలో ఇదే ప్రశ్నకు జవాబు వెతికే విద్యార్థి ఉత్తుత్తి మొక్కను వేరే దేనితోనో చేసుకోవాలి.