ఆ డాక్టరు సీను కొట్టెయ్యి, బుజ్జీ

చండ్రుగొండ

బుజ్జీ,

నువ్వు పంపిన స్క్రిప్టు అందింది. మొన్న రాత్రి కరెంటు పోయినా టార్చిలైటు వెలుగులో పూర్తి చేసే పడుకున్నాను. పొద్దున్నే మళ్లీ చదివాను. మొదటిసారి గర్వమనిపించింది, రెండోసారి దిగులు వేసింది. ఫోనులో చెబితే మధ్యలోనే "అది కాదు పెదనాన్నా" అంటావని ఉత్తరం రాస్తున్నాను.

నీ హీరోయిన్ పాత్ర చాలా బాగుంది. ఎవరు వేసినా పేరొస్తుంది. నా భయం కూడా దాని గురించే. మంచి నటి దొరికితే కథలో చిల్లులు రాసినవాళ్లకు కనపడవు. చూసేవాళ్లకు మాత్రం ఇంటికెళ్లే దారిలో కనపడతాయి.

'నిశ్శబ్దం' సినిమా గుర్తుందా? 2020 అక్టోబరు 2న, కరోనాకి హాళ్లు మూతపడి ఉంటే అమెజాన్ ప్రైమ్‌లో నేరుగా వచ్చింది. నువ్వే ఫోను బియ్యం డబ్బాకి ఆనించి మాకు చూపించావు. అనుష్కది వినపడని, మాట రాని చిత్రకారిణి పాత్ర. మన వీధి చివర ఉండే మాటరాని ఆవిడ నీకు తెలుసు కదా. తునికాకు రోజుల్లో కల్లం దగ్గర కట్టకి యాభై ఆకులు లెక్కపెట్టి కట్టి ఇస్తుంది. లెక్క తక్కువ రాశారనుకో, ముందు ఆమె భుజాలు బిగుసుకుంటాయి, తర్వాత కళ్లు పెద్దవవుతాయి, ఆఖరికి చేతులు లేస్తాయి. అనుష్క కూడా చేతులకంటే ముందు కళ్లతో మాట్లాడింది. అది చూసి నేను నిటారుగా కూర్చున్నాను.

కానీ తర్వాత ఏం జరిగింది? సియాటిల్, దయ్యం ఉందని పేరుపడ్డ పాత బంగళా, మాధవన్, పోలీసుగా అంజలి, ఇంత సరంజామా పెట్టుకుని, ఎవరు ఎందుకు చంపారో చివర్లో మాటల్లో చెప్పేశారు. చంపినవాళ్ల కోపానికి విత్తనం మొదట్లో ఎక్కడా వేయలేదు. ఆమెకు వినపడకపోవడం కూడా కథను నడిపింది తక్కువే. మీ పెద్దమ్మ మధ్యలో లేచి అన్నం వార్చి వచ్చింది. వచ్చి కూర్చుని "ఏమైంది?" అని అడగలేదు. అది నేను గమనించాను. సినిమాకి అంతకంటే పెద్ద తీర్పు లేదు.

అదే మీ పెద్దమ్మ 'ఎర్ర గులాబీలు' చూసేటప్పుడు కుర్చీ దిగలేదు. 1978లో భారతీరాజా తమిళంలో తీసినదే తెలుగులోకి ఆ పేరుతో వచ్చింది. అందులో హంతకుడు కమల్‌హాసన్ అని మనకు ముందే తెలుసు. గులాబీ మొక్కల కింద ఏముందో తెలుసు. తెలియనిది శ్రీదేవికి ఒక్కదానికే. ఆమె ఆ ఇంట్లో ఒక్కో గది దాటుతుంటే మన ప్రాణం పోతుంది. దాచడంలో కాదు బుజ్జీ, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్న దాంట్లో ఉంది పట్టు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాటకాలకి తెర పక్కన కూర్చుని ప్రాంప్టింగ్ చెప్పినవాణ్ణి. ఒకసారి ఆట పొడుగైపోతోందని కొడుకు తండ్రి మీద ఎందుకు కత్తెత్తాడో చెప్పే రెండు పేజీలు నేనే కొట్టేయించాను. ఆ రాత్రి కొడుకు వేషం వేసినతను ఏడిస్తే జనమంతా ఏడ్చారు. తెల్లారి మిరప తోటలో కోతకొచ్చిన ఆడవాళ్లు, నాటకానికి రాని వాళ్లకి కథ చెబుతున్నారు. "ఎంత ఏడ్చిండనుకున్నవ్" అంది ఒకామె. "ఎందుకేడ్చిండు?" అని రెండో ఆమె అడిగింది. మొదటామె కాయ తెంపే చెయ్యి ఆపి ఆలోచించింది. చెప్పలేకపోయింది. ఆ జవాబున్న కాగితాలు మా ఇంట్లో ఉన్నాయి. నేను గట్టు మీద నిలబడి విన్నాను. ఇన్నేళ్లయినా అది గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

నీ కథలో అమ్మాయికి మతిమరుపు జబ్బు. 71వ పేజీలో డాక్టరు వచ్చి నాలుగు పేజీలు మాట్లాడి అన్ని ముళ్లూ విప్పేస్తాడు. సుకుమార్ తీసిన '1 నేనొక్కడినే'లో జబ్బు మొదటే వస్తుంది. 2014 సంక్రాంతికి కొత్తగూడెం వెళ్లి చూశాం. చంపానంటాడు మహేశ్, శవం లేదంటారు పోలీసులు. తన కళ్లను తానే నమ్మలేని మనిషిని అంత బాగా చేసిన హీరో నాకు తెలుగులో ఇంకొకరు తట్టరు. ద్వితీయార్ధంలో కథ వరి వంగడం మీదికి, విలన్ల మీదికి పోయి ఆ జబ్బు పక్కకు జరిగింది. విడుదలయ్యాక నిడివి తగ్గించారు కూడా. నిడివి కోయొచ్చు. తెగిన దారం కోతతో అతకదు.

నీ సంగతి ఇంకో రకం. నువ్వు జబ్బుని మూతలా వాడావు. ఏ చిల్లు పడ్డా దాని మీద పెట్టావు. అది నాకు నచ్చలేదు, గట్టిగానే చెబుతున్నాను. మనసు బాగాలేని పిల్ల ఉన్న ఇంట్లో డాక్టరు ఆఖరున వస్తాడు. అంతకు ముందే తల్లికి తెలుస్తుంది. కూరలో రెండుసార్లు ఉప్పు పడుతుంది. దువ్వెన బియ్యం డబ్బాలో దొరుకుతుంది. తల్లి ఎవరితోనూ అనదు, దువ్వెన తీసి కొంగుతో తుడిచి గూట్లో పెడుతుంది.

అలాంటి ముక్క నువ్వూ రాశావు. నాలుగో పేజీలో ఆ అమ్మాయి గడియ పెట్టి, పది అడుగులు వేసి, వెనక్కొచ్చి గడియ తడిమి చూస్తుంది. ఒక్క మాట లేదు. స్క్రిప్టు మొత్తానికి ప్రాణం అక్కడుంది. రాసి అక్కడే వదిలేశావు! ఆ గడియని మళ్లీ ఆ అమ్మాయి చెల్లెలు చూడాలి. ఇంకోసారి తీసి ఉన్న గడియనే ఆ అమ్మాయి వేసి ఉందనుకోవాలి, మనం చూస్తుండగా. అప్పుడు డాక్టరు అక్కర్లేదు.

మిరప కోతలకి రా. మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు ఆడవాళ్ల మధ్య కూర్చుని నీ కథ నోటితో చెప్పు. వాళ్లు ఎక్కడ తినడం ఆపుతారో, ఎక్కడ నీళ్లకి లేస్తారో చూసుకుని రాసుకో. దానికి వారం పెట్టుకో, తొందరపడి షూటింగు పెట్టుకోకు.

ఆ నాలుగో పేజీ నిన్న మీ పెద్దమ్మకి చదివి వినిపించాను. రాత్రి అన్నం దగ్గర "ఆ పిల్ల మళ్లీ తలుపు దగ్గరికి ఎందుకు పోయింది?" అని అడిగింది. నీ స్క్రిప్టంతా వెతికినా నాకు జవాబు దొరకలేదు. నువ్వు రాసి పంపు, చదివి వినిపిస్తాను.

నీ పెదనాన్న