మళ్ళీ వాడే సెక్యూరిటీ ట్యాగులు: పర్యావరణ లెక్కలో ఉపాధి మార్గాలు

దుకాణాల్లో దుస్తులకు తగిలించి, బిల్లు చెల్లించాక కౌంటర్ వద్ద తీసేసే లేదా నిర్వీర్యం చేసే బిళ్లను సెక్యూరిటీ ట్యాగ్ అంటారు. బిల్లు కాని వస్తువు గుమ్మం దాటబోతే, అక్కడి స్తంభాల మధ్య ఉండే విద్యుదయస్కాంత క్షేత్రం ఈ ట్యాగును పసిగట్టి అలారం మోగిస్తుంది. వీటిలో ఒక రకం, కౌంటర్ వద్ద నిర్వీర్యం చేసి వస్తువుతోపాటే పంపించే పలుచని లేబుల్. మరొకటి, సూదితో బిగించి, డిటాచర్ అనే అయస్కాంత పరికరంతో విడదీసి మళ్ళీ వాడుకునే గట్టి ట్యాగ్.

లేబుల్‌లో ప్లాస్టిక్ లేదా కాగితం, లోహపు రేకు, జిగురు కలిసిపోయి ఉంటాయి కాబట్టి, వాటిని విడదీసి రీసైకిల్ చేయడం గిట్టుబాటు కాక అది చెత్తలో కలుస్తుంది. పెట్రోలియం నుంచి తయారయ్యే ఏబీఎస్ వంటి దృఢమైన ప్లాస్టిక్‌తో చేసే గట్టి ట్యాగుకు ముడిసరుకూ విద్యుత్తూ ఎక్కువే ఖర్చవుతాయి గనుక, దాని మేలంతా అది ఎన్నిసార్లు తిరిగి వాడుకలోకి వస్తుందన్న దానిపైనే ఆధారపడుతుంది. ప్రతి విడతలో నూటికి 95 ట్యాగులు తిరిగివస్తే ఒక్కో ట్యాగ్ సగటున 20 సార్లు ఉపయోగపడుతుంది. 80 మాత్రమే వస్తే ఆ సగటు 5కు పడిపోతుంది. ఒక ట్యాగు తయారీ భారం పది లేబుళ్లకు సమానమనుకుంటే, రెండో సందర్భంలో పునర్వినియోగమే నష్టదాయకమవుతుంది. ముడిసరుకు సేకరణ నుంచి పారవేత వరకు వస్తువు మోపే భారాన్ని ఇలా లెక్కించే పద్ధతిని జీవితచక్ర మదింపు అంటారు; ఐఎస్ఓ 14040, 14044 ప్రమాణాలు దీనికి ఆధారం.

ట్యాగును తిరిగి రప్పించే ఈ వలయంలోనే వివిధ విద్యార్హతలకు తగిన పనులున్నాయి. తాళం అరిగిపోకుండా, జీవితకాలం ముగిశాక లోహం సులువుగా విడివడేలా ట్యాగును రూపొందించడం మెకానికల్, ప్లాస్టిక్స్ నిపుణుల పని కాగా, వాడిన ట్యాగుల సంకేతాన్ని పరీక్షించడం ఎలక్ట్రానిక్స్ చదివినవారిది. దుకాణాల నుంచి వాటిని సేకరించి, శుభ్రపరిచి, దుస్తుల కర్మాగారాలకు చేర్చే రివర్స్ లాజిస్టిక్స్‌లో కామర్స్, మేనేజ్‌మెంట్ పట్టభద్రులు, జీవితచక్ర మదింపులో పర్యావరణ శాస్త్ర విద్యార్థులు రాణించగలరు. పదో తరగతి పూర్తిచేసినవారికి ప్లాస్టిక్స్ రంగ శిక్షణ సంస్థ సిపెట్ మూడేళ్ల ప్లాస్టిక్స్ టెక్నాలజీ డిప్లొమా అందిస్తుంది. ఈ సంస్థకు హైదరాబాద్, విజయవాడల్లో కేంద్రాలున్నాయి.

ఈ నైపుణ్యాలు ట్యాగులకే పరిమితం కావు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలకు 2022లో చేసిన సవరణ, ప్యాకేజింగ్ విషయంలో ఉత్పత్తిదారుల బాధ్యతను నిర్దేశించి, గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో కొంత భాగానికి పునర్వినియోగ లక్ష్యాలను కూడా విధించినందున, తిరిగివచ్చిన సరుకుకు లెక్క చూపగలిగే సిబ్బంది అవసరం ఆ రంగంలోనూ ఉంటుంది. ఈ దిశగా సాగదలచిన విద్యార్థి, స్థానిక వస్త్ర దుకాణం అనుమతితో ఒక నెలపాటు వాడుకలో పెట్టిన, తిరిగివచ్చిన, పాడైన ట్యాగులను నమోదు చేసి, తిరుగురాక శాతాన్ని లెక్కగట్టి, నష్టం ఏ దశలో జరుగుతున్నదో ప్రాజెక్టు నివేదికగా రూపొందిస్తే, ఇంటర్వ్యూలో చూపదగిన ఆధారం చేతిలో ఉంటుంది.