కదిలే అవయవాలపై కన్నేసి ఇచ్చే రేడియేషన్

పురీషనాళ క్యాన్సర్‌కు చాలామందికి శస్త్రచికిత్స కన్నా ముందే రేడియేషన్ ఇస్తారు. దీర్ఘ పద్ధతిలో 25–28 విడతల్లో 45–50.4 గ్రే, హ్రస్వ పద్ధతిలో 5 విడతల్లో 25 గ్రే. కిలో పదార్థం గ్రహించే ఒక జౌల్ శక్తే ఒక గ్రే. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ హెరాల్డ్ గ్రే పేరు దానికి పెట్టారు.

అసలు చిక్కు ఏమిటంటే, లోపలి అవయవాలు ఏ రోజూ ఒకేలా ఉండవు. మూత్రాశయం నిండినా, ఖాళీ అయినా పక్కనున్నవి జరుగుతాయి. గాలి, మలం చేరితే పురీషనాళం ఉబ్బుతుంది. చిన్నపేగు కిరణాల దారిలోకి జారుతుంది. కణితి కూడా వారాలు గడిచేకొద్దీ కుంచించుకుపోవచ్చు. చికిత్స ప్రణాళిక కోసం మొదట తీసిన సీటీ చిత్రాన్నే చివరిదాకా నమ్ముకుంటే కణితికి మోతాదు తగ్గి, ఆరోగ్యంగా ఉన్న పేగుకు పెరిగే ప్రమాదం ఉంది. దీన్ని కాచుకోవడానికి కణితి చుట్టూ అదనపు హద్దు పెడతారు. ఆ హద్దు పెరిగేకొద్దీ రోగికి విరేచనాల వంటి బాధలూ పెరుగుతాయి.

చికిత్స యంత్రానికే అమర్చిన కోన్‌బీమ్ సీటీ రోజూ స్థానాన్ని సరిచూస్తుంది. అందులో ఎముకలు స్పష్టంగా కనిపిస్తాయి, మెత్తని కణజాలం మసకగా ఉంటుంది. ఆ లోటును ఎంఆర్‌ఐ తీరుస్తుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఎంఆర్‌ఐనీ రేడియేషన్ యంత్రాన్నీ కలిపిన 1.5 టెస్లా ఎంఆర్-లినాక్‌పై తొలి రోగికి 2017లో చికిత్స జరిగింది. ఇలా ఏ రోజుకారోజు తీసిన చిత్రాన్ని బట్టి ప్రణాళిక మార్చడమే అడాప్టివ్ రేడియోథెరపీ.